కెమెరా తల తిప్పుకున్న చోటు: ‘సోప్రానోస్’ సన్నివేశాల మీద కొన్ని మాటలు

న్యూ జెర్సీలో ఒక గ్రంథాలయం హాలులో, ఆదివారం మధ్యాహ్నం జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ముందే ఒక మాట. ‘సోప్రానోస్’ అనే ఈ మాఫియా సీరియల్ ఇంకా చూడనివారు, ఎప్పుడో ఒకప్పుడు చూద్దామనుకుంటున్నవారు ఎవరైనా ఉంటే నన్ను క్షమించాలి. ఎవరు చచ్చారో, ఎవరు మిగిలారో ఈ పూట ఏదీ దాచబోవడం లేదు. పిల్లల్ని తీసుకొచ్చినవారు కంగారు పడకండి, బూతులు వదిలేస్తాను. బూతులు వదిలేస్తే ఆ సీరియల్‌లో సగం మాటలు పోతాయి, అది వేరే సంగతి.

నేను ఎడిసన్‌లో దిగింది 1999 చలికాలంలో. వైటూకే, అంటే 2000 సంవత్సరపు కంప్యూటర్ల సమస్య పుణ్యమా అని వచ్చినవాళ్లలో ఒకణ్ణి. మీలో చాలామంది అలా వచ్చినవారే, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఆ జనవరి 10నే హెచ్‌బీఓ కేబుల్ చానల్‌లో దీని మొదటి ఎపిసోడ్ వచ్చింది. నాకేం తెలుసు? ఒక్క పడకగది అపార్ట్‌మెంటులో నలుగురం ఉండేవాళ్లం. హెచ్‌బీఓ కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలి. ఆ డబ్బుతో ఒక బియ్యం బస్తా వస్తుందని లెక్కలు వేసుకునే రోజులవి. మూడేళ్లు పోయాక, ఇలాంటి గ్రంథాలయంలోనే డీవీడీలు తీసుకుని చూశాను.

మొదట నన్ను పట్టేసింది మాఫియా కాదు, పేర్లు పడేటప్పుడు కనిపించే దారి. లింకన్ టన్నెల్‌లోంచి బయటపడి, టర్న్‌పైక్ టోల్ గేటు దగ్గర టికెట్టు తీసుకుని, చమురు ట్యాంకులూ పొగ గొట్టాలూ దాటుకుంటూ టోనీ సోప్రానో అనే లావుపాటి మనిషి చుట్ట కాలుస్తూ ఇంటికి వెళుతుంటాడు. ఎవరి దారి అది? మనం రోజూ తిట్టుకుంటూ వెళ్లే దారే కదా? అంతవరకు నాకు తెలిసిన మాఫియా అంతా నదికి అవతల, న్యూయార్కులో ఉండేది. ఇతను ఇవతల ఉన్నాడు. మన వైపు. కొడుకు చదువు గురించి బెంగపెట్టుకుంటూ, పొద్దున్నే స్నానపు గౌను చుట్టుకుని పేపరు కోసం వాకిట్లోకి నడుస్తూ. కారు అద్దంలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట సౌధాలు కనిపిస్తాయి చూడండి, నాలుగో సీజన్ నుంచి అవి ఉండవు. ఎందుకు తీసేశారో ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సరే. లోపలికి వచ్చేటప్పుడు మీ అందరినీ గుర్తుండిపోయిన సన్నివేశం ఒకటి చీటీ మీద రాయమన్నాను. ఇదిగో, ఆ చీటీలు. భోజనాల ముందు ఇవి చదువుతూ కూర్చున్నాను. నాకు ఆశ్చర్యం వేసింది. ఆరు సీజన్లు, 86 ఎపిసోడ్లు, లెక్కలేనన్ని తలకాయలు లేచిపోయాయి. మీరు రాసినవాటిలో హత్యలు ఎన్ని? చాలా తక్కువ. హత్య రాసినవాళ్లు కూడా హత్యను రాయలేదు, దాని పక్కనున్నది ఏదో రాశారు. నేను చెప్పదలుచుకున్నదీ అదే. ఈ సీరియల్‌ను తీర్చిదిద్దిన డేవిడ్ చేజ్ గారి పనితనమంతా ఎక్కడుందంటే, మిగతా వాళ్లు తల తిప్పుకునే చోట ఆయన కెమెరా కళ్లు విప్పి చూస్తుంది. అందరూ మెడలు చాచి చూసే చోట ఆయన కెమెరా తల తిప్పుకుంటుంది. ఈ ముక్క పట్టుకుని ఒక్కో చీటీ చూద్దాం.

ఎక్కువ చీటీల మీద ఉన్నది బాతులు. ఈత కొలనులోకి బాతుల కుటుంబం ఒకటి వచ్చి చేరడం, టోనీ గౌనుతోనే నీళ్లలోకి దిగి వాటికి తిండి పెట్టడం, కొడుకు పుట్టినరోజు నాడు అవి ఎగిరిపోవడం, ఆరడుగుల మనిషి దభాలున కూలిపోవడం. గుండె బాగుంది, మెదడు బాగుంది. ఏమీ లేదు, నరాలవాళ్లకు కాదు, మనసు డాక్టరుకు చూపించుకోమన్నారు. అలా డాక్టర్ మెల్ఫీ దగ్గరకు చేరాడు. ఇది అందరికీ తెలిసిందే, ముందుకు పోతాను.

ఇంకో చీటీ. “అయ్యో పాపం, నీకెంత కష్టం!” అని రాశారు ఎవరో, అంతే, కింద పేరు కూడా లేదు. ఎవరి మాటో అందరికీ తెలిసిపోయింది, నవ్వుతున్నారు. టోనీ తల్లి లివియా. కొడుకు గోడు చెప్పుకోబోతే చేయి విసిరి ఆ మాట అనేస్తుంది. చేజ్ గారు తన తల్లినే చూసి ఆ పాత్ర రాశానని చాలాసార్లు చెప్పారు. మన ఇళ్లలో ఇలాంటి ముసలమ్మలు లేరా? లేరని చెప్పేవాళ్లు చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ వేషం వేసిన నాన్సీ మర్చండ్ 2000లో పోయారు. మూడో సీజన్‌లో ఆమె పాత ముఖాన్ని కంప్యూటర్‌తో అతికించి ఒక సన్నివేశం నడిపించారు. అది మాత్రం చూడలేం. అంత పెద్ద నటికి అలాంటి సాగనంపు ఇవ్వాల్సింది కాదు.

ఇప్పుడు నేను నిలబడి మాట్లాడాల్సిన చీటీ వచ్చింది. ‘కాలేజ్’. మొదటి సీజన్, ఐదో ఎపిసోడ్. కూతురు మెడోకు కాలేజీలు చూపించడానికి టోనీ మెయిన్ రాష్ట్రానికి తీసుకెళతాడు. ఇక్కడ కూర్చున్న తండ్రులు ఎంతమంది ఈ యాత్ర చేశారు? చూశారా, సగం హాలు. కారులో తండ్రీ కూతురూ. కూతురు ఉన్నట్టుండి అడిగేస్తుంది, నువ్వు మాఫియాలో ఉన్నావా అని. ముందు కోప్పడతాడు, బుకాయిస్తాడు, తర్వాత కొంచెం ఒప్పుకుంటాడు. జూదం డబ్బు కొంత వస్తుందని. ఆ ‘కొంచెం’ చూడండి. అబద్ధం కాదు, నిజమూ కాదు. పిల్లలకు మనం చెప్పే నిజాల కొలత అది.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒక ముఖం కనిపిస్తుంది. పాత మనిషి. పోలీసుల పక్షాన సాక్ష్యం చెప్పి తమవాళ్లను జైలుకు పంపి, పేరు మార్చుకుని ఆ ఊళ్లో ట్రావెల్ ఏజెన్సీ పెట్టుకుని బతుకుతున్నవాడు. భార్య ఉంది, చిన్న పిల్ల ఉంది. కూతుర్ని ఇంటర్వ్యూ దగ్గర దింపి, టోనీ వెళ్లి వైరుతో అతని గొంతు బిగించి చంపుతాడు. పట్టపగలు, చెట్ల మధ్య. మళ్లీ వచ్చి కూతుర్ని ఎక్కించుకుంటాడు.

హెచ్‌బీఓ పెద్దలు భయపడ్డారు. ఇప్పుడిప్పుడే జనం ఇతన్ని ఇష్టపడుతున్నారు, సొంత చేతులతో ఇలా చంపితే ఎవరు చూస్తారు అని. చేజ్ గారు ఏమన్నారంటే, చంపకపోతేనే ఎవరూ చూడరు, ఎందుకంటే అలాంటి మనిషి అలాంటివాణ్ణి చూసి వదిలేస్తే అది అబద్ధం అవుతుందని. చివరికి ఒక రాజీ కుదిరింది. ఆ దాగున్నవాడు టోనీని చంపించడానికి ఇద్దరు మత్తుమందు మనుషులను పురమాయించబోయినట్టు ఒక ముక్క కలిపారు. చచ్చేవాడు మరీ అమాయకుడిగా కనిపించకూడదు కదా. ఆ రాతకే ఆ ఏడాది ఎమ్మీ అనే టీవీ బహుమతి వచ్చింది.

నేను చెప్పేది కెమెరా గురించి. వైరు బిగుస్తున్నంతసేపూ అది అక్కడి నుంచి కదలదు. చాలాసేపు. చచ్చేవాడి ముఖం కన్నా ఎక్కువగా చంపేవాడి ముఖం. పళ్లు బిగబట్టి, నోటి నుంచి తుంపర రాలుతూ. టోనీ వేషం వేసిన జేమ్స్ గాండోల్ఫినీ గారి ముఖంలో అప్పుడు ఉన్నది కోపం కాదు, అదేదో తృప్తి. నిన్న రాత్రి కూతురితో నవ్వుతూ భోంచేసిన ముఖమే. మిగతా సినిమాలు ఇక్కడ ఏం చేస్తాయి? కత్తి ఎత్తగానే కోడి కూస్తుంది, రక్తం గోడ మీద పడుతుంది, అయిపోయింది. ఇక్కడ తల తిప్పుకునే సౌకర్యం మనకు ఇవ్వలేదు. ఇష్టపడ్డావు కదా, చూడు అన్నారు చేజ్ గారు. ఆ తర్వాత టోనీ తలెత్తితే ఆకాశంలో బాతులు పోతున్నాయి. తర్వాతి కాలేజీలో గోడ మీద అమెరికన్ రచయిత హాథార్న్ మాట ఒకటి ఉంటుంది. తనకు ఒక ముఖం, లోకానికి ఒక ముఖం పెట్టుకు తిరిగేవాడు కొన్నాళ్లకు తన అసలు ముఖం ఏదో తనే తెలుసుకోలేడని దాని భావం. అది టోనీ తలెత్తి చదువుతాడు. చదివి, చేతికి గాయంతో, కూతురి కోసం కూర్చుంటాడు.

మా అమ్మాయికి కాలేజీలు చూపించడానికి అదే మెయిన్ వెళ్లాం నేనూ మా ఆవిడా. ఆ కాలేజీలో గోడలన్నీ వెతికాను. మా అమ్మాయి పరువు పోయిందని ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు.

కొంచెం మంచినీళ్లు తాగుతాను.

తర్వాతిది ఒక చెల్లెలు రాసింది, పేరు చెప్పవద్దని కింద రాసింది, చెప్పను. ‘మెల్ఫీ కాదు అనడం’. మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్, 2001. డాక్టర్ మెల్ఫీ మీద పార్కింగ్ భవనం మెట్ల దగ్గర అత్యాచారం జరుగుతుంది. అప్పుడు కూడా కెమెరా తల తిప్పుకోదు, ఇక చాలు అనిపించేంతవరకు ఉంటుంది. దొరికినవాణ్ణి పోలీసులు సాక్ష్యాల నిర్వహణలో చేసిన తప్పుతో వదిలేస్తారు. ఒకరోజు ఆమె టిఫిన్ కోసం ఒక దుకాణంలోకి వెళితే గోడ మీద వాడి ఫోటో. ఈ నెల ఉత్తమ ఉద్యోగి అట!

ఇప్పుడు ఆలోచించండి. ఆమె ఒక్క మాట అంటే చాలు. వారం వారం ఆమె ఎదుట కూర్చునే మనిషి ఎవరు? పోలీసులు చేయలేనిది ఒక్క రాత్రిలో చేయించగలవాడు. ఆమెకు అది తెలుసు, కలలో కూడా వచ్చింది. చివరి సన్నివేశంలో ఆమె ఏడుస్తుంది. టోనీ లేచి వచ్చి ఓదార్చి, మళ్లీ కుర్చీలో కూర్చుని అడుగుతాడు, ఏమైనా చెప్పాలనుకుంటున్నావా అని. మెల్ఫీ వేషం వేసిన లొరేన్ బ్రాకో ముఖం. ఒక క్షణం. రెండు క్షణాలు. మనం ఇక్కడ సోఫాలో కూర్చుని చెప్పు చెప్పు అంటున్నాం. నేనైతే పైకే అన్నాను. ఆమె ఒక్క మాట అంటుంది. లేదు. తెర నల్లబడుతుంది.

తర్వాత ఎన్ని ఎపిసోడ్లు వచ్చినా ఆ లెక్క తేల్చలేదు. వాడు ఎక్కడో శాండ్‌విచ్‌లు చేసుకుంటూనే ఉండి ఉంటాడు. ప్రేక్షకుడికి అంత ఆకలి పుట్టించి విస్తరి ముందు నుంచి లేపేశారు చేజ్ గారు. కానీ ఆ హాలులో, క్షమించండి, ఆ గదిలో ఆమె నోరు విప్పి ఉంటే, మనం సంతోషపడి ఉండేవాళ్లం, ఆమె మాత్రం టోనీ మనిషి అయిపోయేది. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. చెప్పాల్సిందే అంటుంది. అదిగో, ఇప్పుడూ తల ఊపుతోంది.

నవ్వుకునేది ఒకటి. ‘పైన్ బారెన్స్’. ఇదీ చాలామందే రాశారు. అదే మూడో సీజన్. టెరెన్స్ వింటర్ రాశారు, స్టీవ్ బుషెమీ తీశారు. టోనీ మనుషులు పాలీ, క్రిస్టఫర్ ఇద్దరూ డబ్బు వసూలుకు వాలెరీ అనే రష్యావాడి ఇంటికి వెళతారు. పాలీ టీవీ రిమోట్‌ను విసురుగా పెడతాడు, అది పగులుతుంది, మాటా మాటా పెరుగుతుంది, రష్యావాడు చచ్చాడనుకుంటారు. కార్పెట్‌లో చుట్టి దక్షిణ జెర్సీలోని పైన్ బారెన్స్ అడవికి తీసుకెళ్లి డిక్కీ తెరిస్తే, బతికే ఉన్నాడు! సరే నీ గొయ్యి నువ్వే తవ్వు అని పార చేతికిస్తే, ఆ పారతోనే బాది మంచులోకి పరుగు. పాలీ కాలుస్తాడు. తలకు తగిలినట్టే ఉంటుంది. వెళ్లి చూస్తే మనిషి లేడు.

ఇక్కడ టోనీ ఫోను. లైను బాగాలేదు. వాడు మామూలువాడు కాదు, రష్యా ఇంటీరియర్ మినిస్ట్రీలో పనిచేశాడు, పదహారు మంది చెచెన్ తిరుగుబాటుదారులను చంపాడు అని టోనీ అరుస్తాడు. పాలీ ఫోను పెట్టేసి క్రిస్టఫర్‌కు చెబుతాడు. పదహారు మంది చెకోస్లొవేకియావాళ్లను చంపాడట, ఇంటీరియర్ డెకరేటర్ అట. క్రిస్టఫర్ కాసేపు ఆలోచించి, వాడి ఇల్లు చూస్తే అలా లేదే అంటాడు. ఆ రోజు పొద్దున గోళ్లు శుభ్రంగా చేయించుకున్న పాలీ, రాత్రికి ఒక బూటు పోగొట్టుకుని, పాడుబడ్డ వ్యానులో గడ్డకట్టిన కెచప్ పొట్లాలు చప్పరిస్తుంటాడు. హంతకులే. చలికి వణుకుతుంటే మన పక్కింటి బాబాయిల్లా ఉంటారు. అన్నట్టు అది మన పైన్ బారెన్స్ కూడా కాదు, అనుమతి దొరకక న్యూయార్క్ రాష్ట్రంలో హారిమన్ పార్కులో తీశారు.

మరి రష్యావాడు ఏమయ్యాడు? పాతికేళ్లుగా అడుగుతున్నారు. ఎవరో ఈ చీటీ వెనక కూడా అడిగారు. చేజ్ గారికి ఈ ప్రశ్న అంటే విసుగు. తీరే బాకీలు కొన్ని, తీరని బాకీలు కొన్ని. నిజంగా అడవిలో మనిషి కనిపించకుండా పోతే ఆ ఇద్దరికి ఎంత తెలుస్తుందో మనకూ అంతే తెలుస్తుంది.

‘వైట్‌క్యాప్స్’ అని నలుగురైదుగురు రాశారు. నాలుగో సీజన్ చివర టోనీ, అతని భార్య కార్మెలా పోట్లాట. దాని మీద మాట్లాడితే ఇక్కడున్న కొన్ని జంటలు విడివిడి కార్లలో ఇంటికి వెళ్లాల్సి వస్తుంది. గాండోల్ఫినీ, కార్మెలా వేషం వేసిన ఈడీ ఫాల్కో ఇద్దరికీ ఎమ్మీలు వచ్చాయి, న్యాయంగా వచ్చాయి. అంతటితో వదిలేస్తాను.

ఎడ్రియానా. క్రిస్టఫర్‌ను పెళ్లాడబోయే పిల్ల. ఈ చీటీ మీద ఒక్క పేరే ఉంది. ఐదో సీజన్, పన్నెండో ఎపిసోడ్, 2004. తమకు వేగు చెప్పమని ఎఫ్‌బీఐ ఆమె మెడ మీద కూర్చుంది. నిజం క్రిస్టఫర్‌కు చెప్పేస్తుంది. ఇద్దరం సాక్షులుగా మారి ఎక్కడికైనా పోదాం అని బతిమాలుతుంది. అతను ఆమె గొంతు పట్టుకుంటాడు, తర్వాత ఏడుస్తాడు, ఒప్పుకున్నట్టే ఉంటాడు. కాసేపు బయటికి వెళ్లొస్తానని వెళతాడు. పెట్రోలు బంకు దగ్గర ఒక కుటుంబం కనిపిస్తుంది అతనికి. పాత కారు, భార్య, పిల్లలు, జుట్టు వెనక్కి పెంచుకున్న మొగుడు. అంతే, మాట ఒక్కటి ఉండదు. అలా బతకాలా అని అతని ముఖం. ఒక పేద కుటుంబాన్ని చూసి ఆ పిల్ల చావు నిర్ణయమైపోయింది.

తర్వాత టోనీ ఫోను చేస్తాడు ఎడ్రియానాకు. క్రిస్టఫర్ ఆత్మహత్యకు ప్రయత్నించాడు, తన మనిషి సిల్వియో వచ్చి తీసుకెళతాడు అని. వెంటనే ఏం చూపిస్తారు? ఆమె తన కారులో, పక్క సీట్లో ఎర్ర సూట్‌కేసు, ఒంటరిగా దారి మీద వెళుతుంటుంది. హమ్మయ్య, తప్పించుకుంది అనుకుంటాం. మొదటిసారి చూసినప్పుడు నేను ఊపిరి వదిలాను. మరుక్షణం ఆమె సిల్వియో పక్కన కూర్చుని ఉంది. అదంతా ఆమె ఊహ. కారు అడవి దారిలోకి మళ్లుతుంది. ఆమెకు అర్థమైపోతుంది. అతను జుట్టు పట్టి లాగుతాడు. ఎండుటాకుల మీద చేతులతో, మోకాళ్లతో పాకుతూ ఆమె తెర అంచు దాటి పోతుంది. కెమెరా ఆమె వెనక వెళ్లదు. తుపాకి శబ్దం వినిపిస్తుంది. అంతే.

టోనీ హత్య చేస్తే కళ్లార్పకుండా చూసిన కెమెరా, మెల్ఫీ దగ్గర చూసిన కెమెరా, ఇక్కడెందుకు చూడలేదు? చాలా ఏళ్లు ఇది జాలి అనుకున్నాను. ఆ పిల్ల మీద అందరికీ ఇష్టం, చూడలేరని వదిలేశారు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. చూసి ఉంటే మనకు అయిపోయేది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని లేచేవాళ్లం. చూడలేదు కాబట్టి ఆ ఎండుటాకుల చప్పుడు అలాగే ఉండిపోయింది. పైగా చివర ఏం చేశారు? టోనీ, కార్మెలా అలాంటి చెట్ల మధ్యే కూర్చుని ఉంటారు, కార్మెలా ఇల్లు కట్టించబోయే స్థలంలో. అవే ఎండుటాకులు. ఆమెకు ఏమీ తెలియదు. ఎంత బాగుందో అన్నట్టు చూస్తుంటుంది. ఆ సీజన్‌కు ఎడ్రియానా వేషం వేసిన డ్రేయా డి మాటియోకు ఎమ్మీ వచ్చింది. ఆ ఏడాదే సీరియల్‌కు కూడా మొదటిసారి ఉత్తమ డ్రామా సీరియల్ ఎమ్మీ వచ్చింది. కేబుల్ చానల్ నుంచి ఆ బహుమతి గెలిచిన మొదటి సీరియల్ ఇదే.

టైము చూస్తున్నారు. సమోసాలు వచ్చాయట, వాసన నాకూ వస్తోంది. ఒక్క పది నిమిషాలు.

చివరి ఎపిసోడ్, 2007 జూన్ 10. దీని మీద రాసినవాళ్లంతా నల్లతెర గురించే రాశారు. ఒక్కరు మాత్రం ‘జూనియర్, కిటికీ’ అని రాశారు. ఆ చీటీ రాసినవారికి దండం. అదే నా చీటీ కూడా.

జూనియర్ టోనీకి ఏమవుతాడు? ఇంగ్లీషులో అంకుల్ అంటే సరిపోయింది. మనకు తండ్రికి అన్నా, తమ్ముడా తేలాలి కదా. అన్నే. పెదనాన్న. టోనీని చంపించబోయినవాడు, మతి చలించి స్వయంగా కడుపులో కాల్చినవాడు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో చక్రాల కుర్చీలో కిటికీ పక్కన కూర్చున్నాడు, పళ్లు కూడా లేవు. టోనీ గుర్తు చేయబోతాడు. నువ్వూ మా నాన్నా కలిసి ఉత్తర జెర్సీ అంతా ఏలారు అంటాడు. పెద్దాయన అడుగుతాడు, మేమా? అవును. అలాగా, బాగుంది అంటాడు. ఆ సింహాసనం కోసమే కదా ఇంత రక్తం పారింది. టోనీ కళ్లు నిండుతాయి, లేచి వెళ్లిపోతాడు.

తర్వాత కొద్ది నిమిషాలకే బ్లూమ్‌ఫీల్డ్‌లో హోల్‌స్టెన్స్ అనే ఐస్‌క్రీమ్ హోటల్. మనకు ముప్ఫై మైళ్లు ఉండదు. టోనీ వచ్చి కూర్చుంటాడు, పాట ఎంచుకుంటాడు. కార్మెలా వస్తుంది. కొడుకు ఎ.జె. వస్తాడు. ఉల్లి రింగులు వస్తాయి. బయట మెడో కారు పార్క్ చేయలేక ముందుకూ వెనక్కూ. గల్లా పక్కన కూర్చున్న ఒకడు లేచి బాత్‌రూమ్‌కు పోతాడు. తలుపు తెరుచుకుంటుంది, గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, నలుపు. పది సెకన్లు చప్పుడు లేదు. ఆ రాత్రి దేశమంతా కేబుల్ పోయిందనుకుని టీవీ తట్టారు. ఇన్నాళ్లుగా తల తిప్పుకుంటూ వచ్చిన కెమెరా ఇక్కడ కళ్లే మూసేసుకుంది.

కానీ దానికి ముందు ఒక చిన్న మాట ఉంది. ఎంతమంది గమనించారు? ఎ.జె. తండ్రితో అంటాడు, మంచి రోజులను గుర్తు పెట్టుకోమని నువ్వే ఒకసారి చెప్పావు కదా అని. నిజమే, మొదటి సీజన్ చివర, గాలివానలో, చీకట్లో, హోటల్‌లో భోంచేస్తూ టోనీ ఆ మాట అన్నాడు. ఇప్పుడు టోనీ ఏమంటాడు? నేనా? అంటాడు. అవును. అయితే నిజమే అయ్యుంటుంది అంటాడు.

మేమా? అని అడిగిన పెదనాన్నను చూసి ఏడ్చి వచ్చిన మనిషి, ఒక పూట గడవకుండానే నేనా? అని అడుగుతున్నాడు. తుపాకి ఉందా లేదా, ఆ బాత్‌రూమ్ మనిషి ఎవరు అని మనం తలలు పగలగొట్టుకుంటున్నాం. నాకు మాత్రం ఆ ఒక్క ‘నేనా?’ చాలు.

హోల్‌స్టెన్స్‌లో టోనీ కూర్చున్న బల్లను 2024లో వేలం వేశారు, 82,600 డాలర్లకు పోయింది. దాని స్థానంలో కొత్తది పెట్టారు. మొన్న వేసవిలో వెళ్లాం. మా అమ్మాయి కొత్తగా లైసెన్సు తీసుకుంది, తనే నడుపుతానంది. మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి పార్క్ చేయడానికి వెళ్లింది. మేం లోపల కూర్చున్నాం. ఉల్లి రింగులు చెప్పాం, వచ్చేశాయి. అద్దంలోంచి చూస్తే కారు ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. మా ఆవిడ వెళ్లి సాయం చెయ్యమంది. నేను లేవలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూస్తున్నాను. నేనే కాదు, చుట్టూ ఉన్న ప్రతి బల్ల దగ్గరా అందరూ అదే పని.